యూరప్‌లో ఒంటరి రైలు ప్రయాణం: బెంగళూరు స్టూడెంట్ జేబుకి సరిపడేలా

కోరమంగల, మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలు యూరప్ ట్రిప్ అనగానే ముందు అడిగేది ఒకటే: "యూరైల్ పాస్ తీసుకోవాలా, వద్దా?" యూరైల్ అంటే యూరప్‌లో చాలా దేశాల రైళ్లకి కలిపి ఒకేసారి కొనే పాస్. అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే వరసలో అది మూడోది. వీసా ఏ దేశానికి పెట్టాలన్నది మొదటిది. మ్యాప్ మీద ఎటు నుంచి ఎటు పోవాలన్నది రెండోది. ఈ రెండూ తేలితే పాస్ సంగతి దానంతటదే తేలిపోతుంది. చాలామంది విషయంలో "అక్కర్లేదు" అనే తేలుతుంది.

కారణం చెప్తాను. పాస్ అమ్మేవాళ్లు నిజానికి మనకి అమ్మేది స్వేచ్ఛ. పొద్దున లేచి బుద్ధిపుట్టిన రైలెక్కే స్వేచ్ఛ. ఇండియన్ పాస్‌పోర్ట్ చేతిలో ఉన్నవాళ్లకి ఆ స్వేచ్ఛ మొదట్లోనే సగం పోయింది. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటామో వీసా అప్లికేషన్‌తోపాటే రాసివ్వాలి కదా! తేదీలన్నీ రెండు మూడు నెలల ముందే ఖాయం చేసుకున్నాక, తేదీలు మార్చుకునే సౌకర్యానికి మళ్లీ డబ్బు కట్టడం దండగ. అవే తేదీలకి ఒక్కో టికెట్ ముందే కొనుక్కుంటే చవగ్గా వస్తుంది.

ముందు వీసా

యూరప్‌లో తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన దేశాల కూటమి షెంగెన్. ఆ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలు తిరగొచ్చు. బ్రిటన్, ఐర్లండ్ అందులో లేవు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, దానిమీద వీసా సెంటర్ వాళ్ల సర్వీస్ ఛార్జి అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయం మామూలుగా పదిహేను రోజుల్లో వస్తుంది. వాళ్లకి అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు.

ఏ దేశానికి పెట్టాలన్నదానికి సూత్రం సులువే. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే అక్కడికి. రెండు దేశాల్లో సమానంగా ఉంటే ముందు ఎక్కడ దిగుతారో అక్కడికి. "ఫలానా దేశం వాళ్లు తేలిగ్గా ఇస్తారట" అని స్నేహితులు చెప్పిన మాట పట్టుకుని అక్కడ రెండు రాత్రులు, వేరేచోట పది రాత్రులు వేసుకుంటే అసలుకే మోసం. అప్లికేషన్ అక్కడే ఆగిపోవచ్చు. ఆగకపోయినా దిగిన చోట ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగితే చెప్పడానికి జవాబుండదు.

బెంగళూరులో ఏప్రిల్ నుంచి జూన్ దాకా అపాయింట్‌మెంట్లు దొరకడం గగనం. మే నెలాఖరులో సెమిస్టర్ అయిపోగానే బయల్దేరాలంటే ఫిబ్రవరిలోనే కాగితాలు పెట్టేయాలి. చవక టికెట్లకి కూడా ఇదే కలిసొస్తుంది. వీసా మార్చిలో చేతికొస్తే టికెట్లు కొనడానికి రెండు నెలలు మిగులుతాయి. వీసా రాకముందే వెనక్కి రాని టికెట్లు కొంటే మాత్రం ఆ డబ్బు గాలికొదిలేసినట్టే.

స్టూడెంట్ కాగితాల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి డబ్బు కాగితాలు. ఖర్చు పెట్టేది నాన్నగారైతే ఆయన స్పాన్సర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, మీకూ ఆయనకీ సంబంధం తెలిపే పత్రం, ఇవన్నీ ఉండాలి. ఇంట్లో వ్యవసాయమే అయితే ఐటీ రిటర్నులు ఉండకపోవచ్చు. అప్పుడు పట్టాదారు పాస్‌పుస్తకం, పంట అమ్మిన డబ్బు ఖాతాలో పడ్డ ఎంట్రీలు చూపించాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. అప్లికేషన్‌కి వారం ముందు మావయ్య దగ్గర నాలుగు లక్షలు తెచ్చి ఖాతాలో వేయడం మనవాళ్లకి అలవాటు. అదే కొంప ముంచుతుంది. స్టేట్‌మెంట్‌లో చూసేది చివరి బ్యాలెన్స్ ఒక్కటే కాదు, డబ్బు ఎలా వచ్చి ఎలా పోతోందో కూడా చూస్తారు. ఆధార్‌లో ఊరి అడ్రస్ ఉంటే బెంగళూరులో ఉంటున్నట్టు కాలేజీ బోనఫైడ్, పీజీ రసీదు గానీ రెంట్ అగ్రిమెంట్ గానీ పెట్టుకోండి. సెలవుల తర్వాత మళ్లీ చదువుకి వస్తారని కాలేజీ నుంచి ఎన్‌ఓసీ ఉంటే మంచిది. తిరిగి వచ్చేస్తారన్న నమ్మకం కలిగించేది ఆ ఒక్క కాగితమే.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవర్‌తో, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి. పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు. హాస్టళ్లు మాత్రం ఉచితంగా క్యాన్సిల్ చేసుకునేవే బుక్ చేయండి, వీసా చేతికొచ్చాక నింపాదిగా మార్చుకోవచ్చు.

ఇంకో సంగతి. వీసా స్టిక్కర్ మీద ఎన్నిసార్లు ప్రవేశించొచ్చో రాసి ఉంటుంది. అక్కడ ఒకటి అని ఉంటే బుడాపెస్ట్ దాకా వెళ్లాం కదా అని పక్కనే ఉన్న బెల్‌గ్రేడ్ చూసొద్దామనుకోకండి. సెర్బియా షెంగెన్ కాదు. బయటికెళ్తే మళ్లీ లోపలికి రావడం కుదరదు.

గీత ఎలా గీయాలి

పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్, రోమ్, బార్సిలోనా, అన్నీ రెండు వారాల్లో అంటే ట్రావెల్ ఏజెంటు బస్సు ప్యాకేజీ అవుతుంది. పైగా అవన్నీ ఖరీదైన ఊళ్లే. మొదటిసారి, తక్కువ డబ్బుతో, ఒంటరిగా వెళ్లేవాళ్లకి నా సలహా మధ్య యూరప్. మ్యూనిక్‌లో దిగి సాల్జ్‌బర్గ్ మీదుగా వియన్నా, అక్కడి నుంచి బుడాపెస్ట్, ప్రాగ్, బెర్లిన్, చివరికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం. బెంగళూరు నుంచి మ్యూనిక్‌కీ ఫ్రాంక్‌ఫర్ట్‌కీ లుఫ్తాన్సా నేరుగా నడుపుతుంది. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు ఒక్కోసారి చవక. ఏదైనా సరే, వెళ్లేది ఒక ఊరికి, తిరిగి రావడం ఇంకో ఊరి నుంచి ఉండేలా "మల్టీ సిటీ" ఆప్షన్‌లో వెతకండి. దిగిన ఊరికే మళ్లీ వెనక్కి రావాలంటే ఒక రోజూ, ఒక పెద్ద టికెట్టూ నష్టం.

రాత్రుల లెక్క ఇలా వేసుకోవచ్చు. మ్యూనిక్ రెండు, వియన్నా మూడు, బుడాపెస్ట్ రెండు, ప్రాగ్ మూడు, బెర్లిన్ మూడు, ఫ్రాంక్‌ఫర్ట్ ఒకటి. మొత్తం పద్నాలుగు. జర్మనీలో ఆరు రాత్రులు పడ్డాయి కాబట్టి వీసా జర్మనీకే. సాల్జ్‌బర్గ్‌లో పడుకోనక్కర్లేదు. మ్యూనిక్ నుంచి పొద్దున దిగి, స్టేషన్ లాకర్లో బ్యాగు పడేసి, కోట, పాతబస్తీ చూసుకుని సాయంత్రం వియన్నా రైలెక్కొచ్చు.

టికెట్లు, ఒక్కో ముక్కా

అక్కడి రైళ్లలో రెండు రకాల ధరలుంటాయి. లోకల్, రీజనల్ రైళ్లకి ధర ఎప్పుడు కొన్నా ఒకటే. దూరం పోయే రైళ్లకి విమానం టికెట్ లాగా ముందు చవక, రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతూ పోతుంది. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ అన్న మాటే లేదు. రిజర్వేషన్ తప్పనిసరి కాని రైళ్లలో టికెట్ ఉంటే ఎక్కేయొచ్చు, సీటు ఖాళీగా ఉందా లేదా అన్నది మీ అదృష్టం. జర్మనీ, ఆస్ట్రియా, చెక్ రైళ్లలో చాలావరకూ ఇంతే. సీటు కావాలంటే విడిగా నాలుగైదు యూరోలు కట్టి తీసుకోవాలి. శుక్రవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం ప్రయాణాలకి ఆ డబ్బుకి కక్కుర్తి పడకండి, నాలుగు గంటలు తలుపు దగ్గర నిలబడాల్సొస్తుంది.

మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్: ఇది రీజనల్ రైల్లోనే వెళ్లండి, రెండు గంటల్లోపే. బవేరియా రాష్ట్రమంతా ఒక రోజు తిరిగే "బయర్న్ టికెట్" సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా చెల్లుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున తొమ్మిది తర్వాతే మొదలవుతుంది, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే. ముందురోజు కొన్నా అదే ధర, కాబట్టి తొందర లేదు. టికెట్ మీద పేరు రాయడం మర్చిపోతే చెల్లదు. ఇది ఐసీఈ, ఐసీ, ఈసీ, రైల్‌జెట్ లాంటి దూరం పోయే ఎక్స్‌ప్రెస్ రైళ్లలో పనికిరాదు. అదే ప్లాట్‌ఫారం మీదికి అదే ఊరికి పోయే ఎర్ర రైల్‌జెట్ వచ్చి ఆగుతుంది, చూసి తొందరపడి ఎక్కకండి.

సాల్జ్‌బర్గ్ నుంచి వియన్నా: ఆస్ట్రియా ప్రభుత్వ రైల్వే ఓబీబీ, ప్రైవేటు కంపెనీ వెస్ట్‌బాన్ పోటీపడి నడుపుతాయి. రెండున్నర గంటలు. రెండింటి ధరలూ చూసి చవకది తీసుకోండి. ఓబీబీలో చవక టికెట్ పేరు "స్పార్‌షీన", అది రాసిన రైలుకే చెల్లుతుంది. వెస్ట్‌బాన్ టికెట్ పట్టుకుని ఓబీబీ రైలెక్కితే టికెట్ లేనట్టే లెక్క.

వియన్నా నుంచి బుడాపెస్ట్ రైల్‌జెట్‌లో రెండు గంటల నలభై నిమిషాలు. చాలా రైళ్లు కెలెటి స్టేషన్‌కి చేరతాయి. బుడాపెస్ట్‌లో కెలెటి, న్యుగతి, డేలి అని మూడు పెద్ద స్టేషన్లున్నాయి కాబట్టి తిరిగి బయల్దేరేటప్పుడు టికెట్ మీద ఏదుందో చూసుకోండి. ఊళ్లో మనకి దగ్గరగా ఉన్నదాన్నే స్టేషన్ అనుకుని వెళ్తే రైలు వేరేచోట కదిలిపోతుంది.

బుడాపెస్ట్ నుంచి ప్రాగ్ దాదాపు ఏడు గంటలు. బ్రాటిస్లావా, బ్ర్నో మీదుగా పోయే యూరోసిటీ రైలు. విసుగనిపించే దూరమే కానీ, ఈ రూట్లో అసలైన డైనింగ్ కారు ఉంటుంది. టేబుల్ మీద గుడ్డ పరిచి, వేడివేడిగా వండిపెట్టే రకం. రైల్లో భోజనానికి ఒక్కసారే ఖర్చు పెడతామనుకుంటే ఇక్కడ పెట్టండి. శాకాహారులకి "స్మజెనీ సీర్" ఉంటుంది, అంటే బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించిన చీజ్ ముక్క.

ప్రాగ్ నుంచి బెర్లిన్ నాలుగు గంటల పైచిలుకు. దేశం మారే టికెట్‌కి రెండు వైపుల రైల్వేల్లోనూ ధర చూడాలి. ఒకే రైలు, ఒకే సీటు, అయినా చెక్ రైల్వే సైట్‌లో ఒక ధర, జర్మన్ సైట్‌లో ఇంకో ధర. తరచుగా చెక్ వైపే తక్కువ. ఈ రైల్లో కుడివైపు కిటికీ పట్టండి. డ్రెస్‌డెన్ దాకా ఎల్బే నది పట్టాల పక్కనే నడుస్తుంది, అవతలి ఒడ్డున ఇసుకరాతి కొండలు గోడలు కట్టినట్టు నిలబడి ఉంటాయి. రెండు దిక్కుల మధ్య తేడా గుర్తుపెట్టుకోండి, బెర్లిన్ నుంచి ప్రాగ్ వచ్చేవాళ్లకైతే ఎడమవైపు.

బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఐసీఈలో నాలుగు గంటలు. జర్మన్ రైల్వే డీబీలో 27 ఏళ్లలోపు వాళ్లకి "సూపర్ స్పార్‌ప్రైస్ యంగ్" అని విడిగా ధర ఉంటుంది. వయసు అడిగే బాక్సులో నిజం చెప్తే అదే చూపిస్తుంది. ఇది క్యాన్సిల్ కాదు.

నెల, నెలన్నర ముందు కొంటే ఈ ఆరు ముక్కలూ కలిపి 130 నుంచి 180 యూరోల మధ్య సర్దుకోవచ్చు. యూత్ యూరైల్ గ్లోబల్ పాస్ నెలలో ఐదు రోజుల ప్రయాణానికి 240, ఏడు రోజులకి 290 యూరోల దరిదాపుల్లో ఉంటుంది. తేడా మీకే కనబడుతోంది.

చెల్లింపులో ఒక చిక్కు. ఇక్కడి కార్డులు అక్కడి రైల్వే సైట్లలో ఒక్కోసారి ఓటీపీ దగ్గర ఆగిపోతాయి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి, రెండో కార్డు పక్కన పెట్టుకుని కూర్చోండి. యాప్‌లో అవ్వకపోతే వెబ్‌సైట్‌లో ప్రయత్నించండి. మధ్యవర్తి యాప్‌ల జోలికి పోవద్దు. ఫీజు పోతే పోయింది, రైలు రద్దయితే ఎవరిని అడగాలో తెలియక తిప్పలు పడాలి.

పాస్ ఎవరికి పనికొస్తుంది

రోజూ దూరం దూరం పోయేవాళ్లకి, చివరి నిమిషంలో బయల్దేరేవాళ్లకి పాస్ లాభమే. జర్మనీ, ఆస్ట్రియాల్లో కౌంటర్‌లో అప్పటికప్పుడు కొనే టికెట్ వంద యూరోలు కూడా దాటుతుంది కాబట్టి. ఇండియాలో ఉంటున్నవాళ్లు యూరైల్ తీసుకోవాలి. అక్కడే ఎంఎస్ చదువుతూ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకి ఇంటర్‌రైల్. రెండూ ఒకటే పని చేస్తాయి, 33 దేశాలు. మొదలుపెట్టే రోజుకి 27 ఏళ్లు దాటకపోతే యూత్ ధర. సంవత్సరంలో కొన్నిసార్లు తగ్గింపులు పెడతారు, కొన్న పాస్‌ని పదకొండు నెలల్లోపు మొదలుపెట్టొచ్చు. కాబట్టి తగ్గింపులో కొని ఉంచుకోవచ్చు.

పాస్ ఉన్నా అన్నీ ఉచితం కాదు, ఇక్కడే బడ్జెట్ తడిసి మోపెడవుతుంది. ఫ్రాన్స్ టీజీవీ, ఇటలీ ఫ్రెచ్చారోస్సా, స్పెయిన్ ఏవీఈ, యూరోస్టార్, ఇవన్నీ రిజర్వేషన్ తప్పనిసరి రైళ్లు. ఒక్కోదానికి పదో ఇరవయ్యో యూరోలు, యూరోస్టార్‌కి ముప్పై పైనే. పైగా పాస్ ఉన్నవాళ్లకి ఇచ్చే సీట్లు కొన్నే, అవి అయిపోతే రైల్లో చోటున్నా మనకి దొరకదు. ఇటలీలో ఇటాలో, ఫ్రాన్స్‌లో విగో, జర్మనీలో ఫ్లిక్స్‌ట్రెయిన్ అసలు పాస్‌ని ఒప్పుకోవు. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ తిరిగే ఆలోచన ఉన్నవాళ్లకి పాస్ కన్నా విడి టికెట్లే మేలని నా గట్టి అభిప్రాయం.

పాస్ ఫోన్‌లోనే ఉంటుంది. రైల్ ప్లానర్ యాప్‌లో పాస్ యాక్టివేట్ చేయాలి, ఎక్కబోయే రైలుని ట్రిప్‌లో చేర్చాలి, ఆ రోజుని ఆన్ చేయాలి, అప్పుడు వచ్చే క్యూఆర్ కోడ్ చూపించాలి. ఇదంతా రైలెక్కక ముందే అవ్వాలి. ఎక్కి కూర్చుని, టీసీ వస్తున్నాడని చూసి ఆన్ చేస్తే టికెట్ లేని ప్రయాణం కింద రాస్తాడు. యాప్ మూడు రోజులకొకసారైనా ఇంటర్నెట్‌కి కలవాలి. రాత్రి రైలుకి, మధ్యలో మారకపోతే, బయల్దేరిన రోజు ఒక్కటే ఖర్చవుతుంది.

రాత్రి రైలు వల్ల హాస్టల్ డబ్బు మిగులుతుందన్న లెక్క అన్నిసార్లూ నిజం కాదు. నైట్‌జెట్ అనే రాత్రి రైళ్లలో కూర్చునే సీటు చవకే కానీ రాత్రంతా నిద్ర ఉండదు, మర్నాడు పాడవుతుంది. పడుకునే కూషెట్ తీసుకుంటే ధర హాస్టల్‌ని మించిపోతుంది. పొద్దున ఆరింటికి దిగితే హాస్టల్ చెక్ఇన్ మధ్యాహ్నం రెండు మూడింటికి. పైన రాసిన రూటులో రాత్రి రైలు అవసరమే లేదు.

స్టేషన్‌లో, రైల్లో

ఊళ్ల పేర్లు బోర్డుల మీద వాళ్ల భాషలోనే ఉంటాయి. మ్యూనిక్ అక్కడ ముంచెన్, వియన్నా వీన్, ప్రాగ్ ప్రాహా. మెయిన్ స్టేషన్ జర్మన్‌లో హాప్ట్‌బానాఫ్, బోర్డు మీద దాని పొట్టిపేరు మూడక్షరాలే ఉంటుంది. చెక్‌లో హ్లావ్నీ నాద్రాజి.

జర్మనీలో ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ, డీ అని బోర్డులు వేలాడుతుంటాయి. మీ కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో ప్లాట్‌ఫారం స్క్రీన్‌లో చూపిస్తారు. అక్కడికి ముందే వెళ్లి నిలబడాలి, మధ్య స్టేషన్లలో రైలు రెండు మూడు నిమిషాలే ఆగుతుంది. కొన్ని రైళ్లు రెండు ముక్కలుగా వచ్చి దారిలో విడిపోయి చెరో ఊరికి పోతాయి. కోచ్ తలుపు పక్కనున్న స్క్రీన్‌లో మీ ఊరి పేరు ఉందో లేదో చూడకుండా ఎక్కితే, సరైన రైలెక్కి తప్పు ఊళ్లో దిగుతారు. తలుపు దానంతటది తెరుచుకోదు, మీట నొక్కాలి. సీటు పైన చిన్న స్క్రీన్‌లో రెండు ఊళ్ల పేర్లుంటే ఆ మధ్య దూరానికి అది ఎవరిదో అని అర్థం. మీరు అంతకుముందే దిగిపోతారనుకుంటే నిశ్చింతగా కూర్చోండి.

జర్మన్ రైళ్లు గడియారం లాగా నడుస్తాయన్నది పాతకాలపు మాట. 2024లో డీబీ దూరప్రయాణపు రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా. అందుకని రైలు మారాల్సి వస్తే మధ్యలో కనీసం ముప్పై, నలభై నిమిషాలు ఉంచుకోండి. మారే రైళ్లన్నీ ఒకే టికెట్ మీద కొనండి. అలా కొంటే, గమ్యానికి ఇరవై నిమిషాలకి మించి ఆలస్యం అవుతుందని తేలినప్పుడు "రాసిన రైలే ఎక్కాలి" అన్న నిబంధన పోతుంది, తర్వాత రైలెక్కొచ్చు. విడివిడిగా కొన్న రెండు టికెట్లకి ఈ రక్షణ ఉండదు.

యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం గమ్యం చేరడం గంట నుంచి రెండు గంటల్లోపు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వాపసు వస్తుంది. మూడు నెలల్లోపు అడగాలి. తీవ్రమైన వాతావరణం లాంటి కారణాలుంటే రాదు. ఫారంలో అడిగే ఐబాన్ నంబర్ (యూరప్ పద్ధతిలో బ్యాంకు ఖాతా నంబరు) మన బ్యాంకులకి ఉండదు. ఆప్షన్ ఉంటే వోచర్ తీసుకుని ట్రిప్ మధ్యలోనే వాడేయండి.

ఇటలీ వైపు మళ్లేవాళ్లకి ఒక్క మాట: రీజనల్ రైలు కాగితం టికెట్‌ని ఎక్కక ముందు ప్లాట్‌ఫారం మీద మెషిన్‌లో గుద్దాలి, ఫోన్ టికెట్ అయితే చెక్ఇన్ నొక్కాలి. సమ్మెలూ ఎక్కువే. సోమవారం నుంచి శుక్రవారం దాకా సమ్మె రోజుల్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కొన్ని రైళ్లు తప్పకుండా నడుపుతారు.

పాస్‌పోర్ట్ హాస్టల్ లాకర్లో పెట్టి జిరాక్స్‌తో సరిహద్దు దాటకండి. షెంగెన్ లోపల తనిఖీ లేదన్నది పేరుకే. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, పోలీసులు రైల్లోకే వచ్చి అడుగుతారు. ఒరిజినల్ ఒంటి మీద ఉండాలి. బ్యాగు నలభై లీటర్లు మించొద్దు. కూలీలు ఉండరు, మెట్లెక్కి దిగేది మీరే. పెద్ద స్టేషన్లలో రైలు ఆగినప్పుడు ఒక కన్ను బ్యాగు మీద ఉంచండి, దొంగ ఎక్కేదీ దిగేదీ ఆ రెండు నిమిషాల్లోనే.

తిండి, పడక, డబ్బు

ఆరెనిమిది మంచాల డార్మ్‌లో ఒక మంచం రాత్రికి 25 నుంచి 40 యూరోలు. బుడాపెస్ట్‌లో ఇంకా తక్కువ. తాళం మీరే తెచ్చుకోవాలి, టవల్‌కి విడిగా డబ్బు, సిటీ ట్యాక్స్ కొన్నిచోట్ల కౌంటర్ దగ్గర వసూలు చేస్తారు. బుక్ చేసేటప్పుడు వంటగది ఉందా అన్నదొక్కటీ చూడండి. ఖర్చులో అసలైన తేడా అక్కడే. సూపర్‌మార్కెట్‌లో బియ్యం, పెరుగు దొరుకుతాయి. ఫ్లేవర్ లేని "నాచురల్ యోగర్ట్" మన పెరుగే. ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ తీసుకెళ్తే రాత్రి భోజనం మూడు యూరోల్లో తేలిపోతుంది. ఆవకాయ సీసా మూత మీద ప్లాస్టిక్ కవరు వేసి రబ్బరు బ్యాండు బిగించి, జిప్ కవర్లో పెట్టి చెక్ఇన్ బ్యాగులో వేయండి.

అమ్మ సర్దేటప్పుడు ఒక కన్నేసి ఉంచండి. మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి తీసుకెళ్లకూడదు. కాబట్టి నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయాలి. పచ్చి కరివేపాకుకీ మామిడిపళ్లకీ సర్టిఫికెట్ కావాలి, అంటే అవీ వద్దు. పొడులకి ఇబ్బంది లేదు.

జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పెద్ద స్టేషన్లలోని సూపర్‌మార్కెట్లు మాత్రం తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రమే సరుకులు కొని పెట్టుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు. వియన్నాకైతే కొండల్లోని ఊట నీళ్లే పైపుల్లో వస్తాయి. జర్మనీలో ప్లాస్టిక్ సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్ కలిపి తీసుకుంటారు, ఖాళీ సీసా సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే చీటీ వస్తుంది, బిల్లులో తగ్గించుకుంటారు.

రోజుకి పడక, తిండి, ఊళ్లో తిరుగుడు, ఒక మ్యూజియం కలిపి 60 నుంచి 75 యూరోలు పెట్టుకోండి. యూరో వంద రూపాయలు దాటింది, తల్లోనే లెక్క వేసుకోవచ్చు. మ్యూజియాల దగ్గర "26 లోపు ఉచితం" అన్న బోర్డు చూసి సంబరపడొద్దు, చాలాచోట్ల అది యూరప్‌లో నివసించేవాళ్లకే. బెర్లిన్‌లో పార్లమెంటు మీది గాజు గుమ్మటం అందరికీ ఉచితం, ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

చెక్‌లో కొరునా, హంగరీలో ఫోరింట్. కార్డు గీసినప్పుడు మెషిన్ "రూపాయల్లో కట్టమంటారా, అక్కడి డబ్బులోనా" అని అడిగితే ఎప్పుడూ అక్కడి డబ్బే నొక్కండి. రూపాయలంటే వాళ్ల రేటు, వాళ్ల లాభం. ఏటీఎం బ్యాంకుకి ఆనుకుని ఉన్నదే వాడండి. ప్రాగ్‌లో మనీ ఛేంజర్ దగ్గర మోసపోయామనిపిస్తే రసీదు పట్టుకుని మూడు గంటల్లోపు వెనక్కి వెళ్లండి, మార్పిడి రద్దు చేసుకునే హక్కు చట్టంలో ఉంది. స్టేషన్ టాయిలెట్లకి యూరో, అర యూరో నాణేలు జేబులో ఉంచుకోండి. యూనియన్‌లో ఏ దేశంలో సిమ్ కొన్నా మిగతా దేశాల్లో మామూలుగానే పనిచేస్తుంది, స్విట్జర్లాండ్ మాత్రం ఆ లెక్కలో రాదు.

మెట్రో, ట్రామ్‌లకి చాలా ఊళ్లలో గేట్లుండవు. అంతమాత్రాన ఎవరూ చూడరనుకోవద్దు, మామూలు బట్టల్లో చెకర్లు ఎక్కుతారు. కాగితం టికెట్ కొంటే మెషిన్‌లో ముద్ర వేయించేదాకా అది చెల్లదు. బెర్లిన్‌లో జరిమానా 60 యూరోలు, అంటే ఒక రోజు బడ్జెట్ మొత్తం. "టూరిస్టుని, తెలియదు" అంటే వినరు.

చివరి రోజు

తిరుగు విమానం రోజు పొద్దున బెర్లిన్ నుంచి నేరుగా విమానాశ్రయానికి రైలు పెట్టుకోకండి. ఒక్క రైలు రద్దయితే మిగిల్చిందంతా అక్కడే పోతుంది. ముందు రాత్రే ఫ్రాంక్‌ఫర్ట్ చేరాలి. టికెట్ వెతికేటప్పుడు "మైన్" అన్నది చూసుకోండి, పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది. అది బెర్లిన్‌కి దగ్గర, టికెట్ కూడా చవగ్గా కనిపిస్తుంది. ఊళ్లోని మెయిన్ స్టేషన్ నుంచి విమానాశ్రయానికి లోకల్ రైల్లో పావుగంటలోపే. ఇప్పుడు పాస్‌పోర్ట్ మీద ముద్రకి బదులు వేలిముద్ర, ఫొటో తీసే పద్ధతి 2025 అక్టోబరు నుంచి మొదలైంది. లైను ఎంత ఉంటుందో చెప్పలేం కాబట్టి మూడు గంటల ముందే లోపల ఉండండి.